ముందు పది ఎవరిది?

రెండో లాక్‌డౌన్ చలికాలంలో జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నేను డేటా సైన్స్ చదువుతున్నాను. పక్క గదిలో ఖమ్మం అక్క మెటీరియల్స్ థీసిస్ రాసుకుంటోంది. మూడో గది గుంటూరు అన్నది. బ్లూ కార్డ్ అనే వర్క్ వీసా మీద ఉద్యోగం, ఆఫీసు మొత్తం వంటింటి బల్ల మీదే. లైబ్రరీ మూత, మెన్సా అనే యూనివర్సిటీ క్యాంటీనూ మూత. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తప్ప పని లేదు.

అన్నకి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ పిచ్చి. శనివారం అక్కడ మధ్యాహ్నం మొదలయ్యే మ్యాచ్ మాకు సాయంత్రం ఆరింటికి వచ్చేది. రెండు గంటలు కూర్చునే ఓపిక నాకు లేదంటే, ఒక చిన్న పందెం పెట్టాడు. ఎవరు గెలుస్తారని కాదు, ముందుగా పది పాయింట్లు ఎవరు చేస్తారని. నాలుగైదు నిమిషాల్లో తేలిపోతుంది. ఓడినవాళ్ళు వారమంతా అంట్లు తోమాలి.

నేను పాత స్కోర్లన్నీ దించుకుని ఒక అంచనా మోడల్ తయారుచేశాను. అన్న టీముల ర్యాంకులు చూసి చెప్పేవాడు. అక్క మాత్రం స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడి, ఆట మొదలైన అరనిమిషానికి ఒక టీమ్ పేరు చెప్పేది. వాళ్ళే ముందు పది చేసేవాళ్ళు. వరసగా ఐదు శనివారాలు అంతే. అంట్లు నేనూ అన్నా పంచుకున్నాం.

"నువ్వెట్టా చెప్తున్నావమ్మా, చూడకుండా?" అన్నాడు అన్న ఒకరోజు.

"స్టేడియంల జనం లేరు గదన్నా, అన్నీ వినొస్తున్నయి. బంతి ఎవరి దగ్గరున్నదో కామెంటరీల చెప్తనే ఉంటరు. బంతి లేనప్పుడు ఎవరు ఒకరినొకరు పిలుచుకుంటున్నరో విను. వాళ్ళే ముందుకొస్తరు."

నేను చెవులు రిక్కించి విన్నాను. నాకు బూట్ల కీచుమనే శబ్దం తప్ప ఏమీ వినపడలేదు.

ఫిబ్రవరిలో ఒక పెద్ద కాలేజీ మీద ఒక చిన్న కాలేజీ ఆడింది. చిన్నవాళ్ళలో సగం మంది క్వారంటైన్‌లో ఉన్నారు, వచ్చింది ఏడుగురే. నా మోడల్, అన్న ర్యాంకులు మొదటిసారి ఒకే మాట చెప్పాయి. అక్క చిన్నవాళ్ళన్నది.

మూడు నిమిషాల్లో ఎనిమిది-సున్నా. పెద్దవాళ్ళకి ఇంకొక్క బాస్కెట్ పడితే చాలు. అన్న స్పాంజి తెచ్చి అక్క ముందు పెట్టాడు. చిన్నవాళ్ళ కోచ్ టైమవుట్ తీసుకున్నాడు. అక్క స్టవ్ ఆపి, మొదటిసారి వచ్చి మా పక్కన కూర్చుంది.

"భయపడ్తలేరు చూడు. ఎవరూ తల దించలే," అంది.

ఆట మళ్ళీ మొదలైంది. చిన్నవాళ్ళు దూరం నుంచి ఒక మూడు పాయింట్ల షాట్ వేశారు. బంతి లాక్కుని రెండు. మళ్ళీ మూడు. ఎనిమిది-ఎనిమిది. పెద్దవాళ్ళకి రెండు ఫ్రీ త్రోలు దొరికితే ఒకటి పడింది, రెండోది రింగుకి తగిలి బయటికొచ్చింది. ఆ బంతిని అందరికన్నా పొట్టివాడు అందుకుని, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కడే పరుగెత్తి వేశాడు. తొమ్మిది-పది.

అన్న స్పాంజి వెనక్కి తీసుకున్నాడు. "ఏదన్నా బెట్టింగ్ సైట్లో నిజంగా డబ్బులు పెడదామా అమ్మా?" అన్నాడు.

"వద్దన్నా. పైసలు పెడితే నాకు ఇవేవీ వినపడవు."

ఆ మ్యాచ్‌లో చిన్నవాళ్ళు చివరికి చిత్తుగా ఓడారు. అక్కకి అది పట్టలేదు. ఆరోజు అన్నం తింటూ చెప్పింది, తను యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడేదట. ఒక టోర్నమెంట్‌లో జ్వరాలొచ్చి ఆరుగురే మిగిలారట. "తక్కువ మందిమైతే ఒకరినొకరం మస్తు చూస్కుంటం," అంది. తర్వాతి ఏడాది మోకాలి లిగమెంట్ తెగి ఆట ఆగిపోయిందట. ఏడాదిన్నరగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఈ సంగతి మాకు తెలియదు. మెట్లు దిగేటప్పుడు ఆమె గోడ పట్టుకోవడం మాత్రం నేను రోజూ చూశాను.

వసంతంలో ఎల్బే నది ఒడ్డున బాస్కెట్‌బాల్ కోర్టు తాళం తీశారు. అన్న ఒక బంతి కొన్నాడు. అక్క గెంతలేదు, పరుగెత్తలేదు. గీత దగ్గర నిలబడి నాతో థీసిస్ గురించి మాట్లాడుతూ, నది వైపే చూస్తూ, చేతిలో బంతిని అన్న వైపు విసిరింది. అతను నడుస్తున్నాడు. బంతి సరిగ్గా అతని చేతుల్లోకి వెళ్ళింది. అతను ఆగి, తన చేతులకేసి చూసుకున్నాడు.