మా నాన్న అన్న ‘ఎస్ మేడమ్’

నా చిన్నప్పుడు మేము భిలాయి సెక్టర్ నాలుగులో ఉండేవాళ్ళం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో పనికి కుదిరిన మనిషి. చదివింది ఐదో తరగతి. నన్ను హిందీ బడి మాన్పించి ఇంగ్లీషు బడిలో వేయాలని ఆయనకి ఒకటే పట్టుదల. అక్కడ సీటు కావాలంటే పిల్లని కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారని ఎవరో చెప్పారు. నాన్న పక్కింటి అక్కని బతిమాలారు. అక్క టీచర్ ట్రైనింగ్ చదివేది.

ఆ వేసవంతా అక్క నాకు ఇంగ్లీషువాళ్ళ మర్యాదలు నేర్పింది. ‘కెన్ ఐ’ కాదు, ‘మే ఐ’ అనాలి. ఎవరైనా ‘వుడ్ యూ మైండ్’ అని మొదలుపెట్టి ఏదైనా చేయమంటే, సరే అనేవాళ్ళు ‘నో’ అనాలి. ‘మీకేమైనా ఇబ్బందా’ అని కదా వాళ్ళు అడుగుతున్నది. ఆ తిరకాసు నాకు భలే నచ్చింది.

ఇంటర్వ్యూ రోజు నాన్న రాత్రి షిఫ్టు దిగి వచ్చి, నిద్రపోకుండా ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో నాన్న నిలబడే ఉన్నారు. ఆవిడ నా పేరడిగి, తలెత్తి నాన్నతో, “వుడ్ యూ మైండ్ వెయిటింగ్ అవుట్‌సైడ్?” అంది.

నాన్న చేతులు కట్టుకుని వంగి, “ఎస్ మేడమ్, ఎస్ మేడమ్” అన్నారు.

ఆవిడ నవ్వింది. పక్కనున్న గుమాస్తా కూడా నవ్వాడు. ఎందుకో తెలియక, మర్యాద కోసం నాన్న కూడా నవ్వారు. అప్పుడు నేను పకపకా నవ్వి, “ఎస్ కాదు నాన్నా, నో మేడమ్ అనాలి! నీకేటీ రాదు” అన్నాను.

ఆవిడ నా బుగ్గ నిమిరింది. సీటు వచ్చింది.

తిరుగుదారిలో చాలా దూరం వచ్చాక నాన్న అడిగారు. “నేనేటి తప్పన్నానమ్మా?” నేను పంతులమ్మలా వివరించాను. ఆయన కాసేపు తొక్కి, “పెద్దావిడ అంత మర్యాదగా అడిగితే నో అనడమేటి?” అన్నారు.

మెచ్చుకుంటుందని సాయంత్రం అక్కకి అంతా చెప్పాను. అక్క చదువుతున్న పుస్తకం మూసేసింది.

“బిడ్డనొదిలి బైటికెళ్ళడం నీకు కష్టంగా ఉంటాదా అని అడిగిందావిడ. ఉంటాది అన్నాడు బాబాయి. నిజమే చెప్పేడు. ఆ గదిలో తప్పు మాటాడింది నువ్వొక్కదానివే. ఛీ, నీకా నేను మర్యాద నేర్పింది!”

నేను ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను. నాన్న అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయారు. తప్పు నాదేనని మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు సిగ్గేసింది. అలా చెప్పనేలేదు.

నేను చదివిన ఆరేళ్ళలో నాన్న ఆ బడి గేటు దాటి లోపలికి రాలేదు. మీటింగు ఉందంటే అమ్మని పంపేవారు. నేను ఇంట్లో ఉండగా ఆయన నోట ఇంగ్లీషు ముక్క వినలేదు. పనిలో తోటివాళ్ళతో ఇంగ్లీషులో బాగానే మాట్లాడతారని చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

నేను ఇంగ్లీషు టీచర్‌నయ్యాను. రిటైరై ఇప్పుడు భిలాయి పక్కనే రిసాలిలో ఉంటున్నాను. పిల్లలెవరైనా తప్పు మాట్లాడితే క్లాసు మొత్తం నవ్వేది. నేను కేకలేసేదాన్ని. ఆ కేకలు ఎవరి మీదో పిల్లలకి తెలిసేది కాదు.

నాన్న ఆస్పత్రిలో ఉన్న చివరి వారంలో ఒక కుర్ర డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, నొప్పి ఎక్కడుందని ఇంగ్లీషులో అడిగాడు. చాలా చిన్న ప్రశ్న. నాన్నకి అర్థమైంది, చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది కూడా. జవాబు చెప్పబోయి, నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చినట్టు పెదవులు మూసుకుని, నా వైపు చూశారు. ఆయన బదులు నేనే చెప్పాను, తప్పు లేకుండా. అలా చూసిన ఆ కళ్ళు ఇప్పటికీ నన్ను వదలవు.