బోరింగు మీద ఎర్రగుడ్డ

మా వెనక గదుల్లో నాలుగేళ్లుగా కిరాయికి ఉన్న ఫిట్టరు పోయిన మంగళవారం పొద్దున పట్నం దవాఖానలో చనిపోయాడు. నలభై ఏళ్లు నిండలేదు. అతను పనిచేసిన రసాయనాల ఫ్యాక్టరీ వాళ్లు గేటు దగ్గర బోర్డు మీద "దీర్ఘకాల అనారోగ్యంతో" అని రాసి పెట్టారట. తొమ్మిది నెలల కిందట మా బోరింగు పైపులు ఒక్కడే పైకి లాగి బాగుచేసిన మనిషి అతను. దీర్ఘకాలం అంటే ఎంతో ఆ బోర్డు రాసినవాళ్లను అడగాలని ఉంది.

నాది తొందరగా నమ్మే స్వభావం కాదు. పటాన్‌చెరులో మా ఇంటి గదులు షరతులు చెప్పి గాని ఇవ్వను. ఎవరు ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి వచ్చారు అన్నది నోటుబుక్కులో రాసుకుంటాను. పట్నంలో హాస్టల్లో ఉండి చదివిన రోజుల్లో అబ్బిన అలవాటు, ఇప్పటికీ పోలేదు. అతను భార్యతో దిగిన మొదటి వారమే నాకు అనుమానం వచ్చింది. డ్యూటీ నుంచి రాగానే ఇంట్లోకి పోకుండా పెరట్లోనే చొక్కా విప్పి దులిపేవాడు. కుంకుడు రసంతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. అయినా ఏదో ఘాటు వాసన మిగిలేది. నాలుగో రోజు ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఏం బిడ్డా, ఏం తాగొస్తున్నవ్?"

"తాగుతలేనమ్మా, పీలుస్తున్న," అన్నాడు. "తాగుడుకైతే నేను పైసలియ్యాలె. దీనికి కంపెనోళ్లే నాకిస్తున్నరు."

లోపలి నుంచి భార్య అందుకుంది. "అమ్మ పోలీసోళ్ల లెక్క అడుగుతుంటే నీకు పరాచికాలైతున్నయా? సక్కగ చెప్పు."

సక్కగానే చెప్పాడు. మందుల్లో కలిపే సరుకు వాళ్ల ఫ్యాక్టరీలో తయారవుతుందని, ఆ వాసన బట్టలకు పడుతుందని. ఆ రోజు నేను నమ్మలేదు. నెల తర్వాత అతను ఉతికి ఆరేసిన చొక్కాను కూడా వాసన చూసి అప్పుడు నమ్మాను.

అతని పలకరింపు కూడా వేరుగా ఉండేది. పొద్దున లేస్తూనే తీగ మీద ఆరేసిన నా చీర వైపు చూసి, "గాలి ఎటున్నదమ్మా?" అనేవాడు. వ్యవసాయం చేయని మనిషికి గాలితో ఏం పని అని ఒకసారి నిలదీశాను.

"వాసనొచ్చినంక సోంచాయించేటందుకు టైం ఉండదమ్మా. గాలి ముందుగాలనే ఎరుకుండాలె. గ్యాసొస్తే గాలెంబడి ఉరకొద్దు, గాలికి అడ్డంగ ఉరకాలె. మా కంపెనీ మీకు పడమర. పడమటి గాలున్ననాడు జెర పైలం."

ఆ మర్నాటి నుంచి నా నోటుబుక్కులో గాలి కూడా చేరింది.

బోరింగు సంగతి చెప్పాలి. దాని చీల అరిగిపోయిందని అతను విప్పాడు. కొత్త చీల తేవడానికి బజారుకు పోతూ పిడికి ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టాడు. నూనె మరకలతో చూడటానికి అసహ్యంగా ఉంది. నేను దాన్ని విప్పి, ఉతికి, ఆరేశాను. కాసేపటికి మా కోడలు బిందె పెట్టి పిడి నొక్కింది. చీల లేని పిడి ఊడి వచ్చి ఆమె భుజానికి తగిలింది. పది రోజులు చెయ్యి పైకి లేవలేదు.

"గుడ్డ ఎవరిప్పిండ్రు?" అని అడిగాడు వచ్చి.

"నేనే. మురికిగ ఉన్నదని ఉతికిన."

అతను నా మీద కోపం చూపింది ఆ ఒక్కసారే. "నేను లేనప్పుడు నా బదులు ఆ గుడ్డ మాట్లాడతదమ్మా. కట్టినోడే ఇప్పాలె. కలెక్టరొచ్చినా సరే."

తర్వాత మెట్టు మీద కూర్చుని వివరంగా చెప్పాడు. వాళ్ల ఫ్యాక్టరీలో వాల్వు సరిగ్గా పడకపోయినా, పైపు విప్పి ఉన్నా ఫిట్టర్లు అక్కడ ఎర్రగుడ్డ కడతారు. కట్టినవాడు పని ముగించి విప్పేదాకా ఇంకెవరూ ముట్టరు. ఇది కంపెనీ పెట్టిన పద్ధతి కాదు. తెలుగువాళ్లు, హిందీవాళ్లు, ఒరియావాళ్లు కలిసి పనిచేసే చోట, సగం మందికి చదువు రాని చోట, వాళ్లలో వాళ్లు చేసుకున్న ఏర్పాటు. వాల్వులకు తాళాలు, హెచ్చరిక పలకలు కావాలని కంపెనీని అడిగారు. "బొంబాయి హెడ్డాఫీసుకు రాసినం" అన్నది జవాబు. రెండేళ్ల పాటు అదే జవాబు.

ఎనిమిది నెలల కిందట ఆ బొంబాయి నుంచే పెద్దలు ఫ్యాక్టరీ చూడటానికి వస్తారని కబురు వచ్చింది. గోడలకు సున్నం వేశారు, గేటు దగ్గర పూలకుండీలు పెట్టారు. ముందురోజు సాయంత్రం అతను పెరట్లో చేతులు కడుక్కుంటూ, ఎప్పటిలా నవ్వకుండా, "గుడ్డలన్ని ఇప్పించిండ్రమ్మా," అన్నాడు. "సూడనీకి మంచిగ లేవంట. మూడు జాగలల్ల పని కాలేదని చెప్పిన. వాళ్లొచ్చి పోయినంక మళ్ల కట్టుకోమన్నడు సూపర్‌వైజరు."

బోరింగు గుడ్డ విప్పినదాన్ని నేనే. వాళ్లను అనడానికి నాకు ముఖం లేదు.

మర్నాడు అతని డ్యూటీ ఏడింటికి. నా పుస్తకంలో అతను వెళ్లిన టైము ఐదూ పది అని ఉంది. ఆ మూడు చోట్లా మళ్లీ కడతానని పీలికలు జేబులో పెట్టుకుని పోయాడని భార్య చెప్పింది. అతను చేరేసరికే ఎవరో గుడ్డ లేని వాల్వు తిప్పారు. ఆరు కాకముందే మా కోడలు ఘాటు పసిగట్టింది. నేను తీగ మీది చీర చూశాను. పడమటి గాలి. కోడలిని, అతని భార్యను, పక్కింటివాళ్లను లేపి దక్షిణంగా చెరువు కట్ట మీదికి నడిపించాను. గాలికి అడ్డంగా.

అతను లోపలికి పోయి వాల్వు మూసి, పడిపోయిన మనిషిని బయటికి ఈడ్చాడు. ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాడు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. భార్య ఇచ్చిన మజ్జిగ మింగలేకపోయాడు. ఆ సాయంత్రానికి మా తులసి ఆకులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ఇవన్నీ రాసి ఉన్నాయి. కంపెనీ మాత్రం ఏమీ జరగలేదంది. పెద్దలు పదకొండింటికి వచ్చి, భోంచేసి వెళ్లారు.

దగ్గు ఆ రోజు పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. కంపెనీ డాక్టరు బీడీల వల్ల అన్నాడు. నాలుగేళ్లలో మా పెరట్లో ఒక్క బీడీ ముక్క కనబడలేదు. కనబడి ఉంటే ఆ రోజే గదులు ఖాళీ చేయించేదాన్ని.

దవాఖానలో చేరే ముందు ఒక పొద్దున బోరింగు కొట్టి, దోసిట్లో నీళ్లు వాసన చూసి పారబోశాడు. పిడికి ఎర్రగుడ్డ కట్టాడు. "తాగకుండ్రి. నేనొచ్చి సూసి చెప్త," అన్నాడు. కంపెనీ మనుషులు వచ్చి నీళ్లు బాగానే ఉన్నాయని చెప్పి పోయారు. మేము రోడ్డు అవతలి బావి నీళ్లే తెచ్చుకుంటున్నాం.

మొన్న ఆదివారం కంపెనీ నుంచి ఒక గుమాస్తా ఇంగ్లీషు కాగితం పట్టుకుని ఫిట్టరు భార్య కోసం వచ్చాడు. "చిన్న కాయిదమమ్మా. ఆమె ఏలిముద్రేస్తే రేపటి సంది క్యాంటీన్ల పని." ఆమెకు ఇప్పుడు ఉన్నవి ఆ రెండు చేతులే. కాగితం నా చేతికిచ్చి, "నువ్వు సదువమ్మా," అంది.

రెండుసార్లు చదివి తెలుగులో చెప్పాను. డ్యూటీ వేళ కానప్పుడు, అనుమతి లేకుండా, తన ఇష్టంతో లోపలికి వెళ్లాడని, జరిగినదానికి కంపెనీకి సంబంధం లేదని ఉంది.

"ఎందుకు పోయిండో రాసిండ్రా?" అని అడిగింది.

"రాయలేదు బిడ్డా."

"గుడ్డలు ఎవరిప్పించిండ్రో?"

"అది గూడ లేదు."

గుమాస్తా ముఖం తుడుచుకున్నాడు. "పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా. ఆమె కడుపు సూడుండ్రి."

కోడలు అతనికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాసు పెదవుల దాకా పోయి ఆగింది. పెరట్లోకి ఒకసారి చూశాడు.

"ఏడ నీళ్లమ్మా ఇవి? బోరింగువా?"

నేను నోటుబుక్కు తీసి అతను వచ్చిన టైము రాసుకున్నాను. అతను గ్లాసు నెమ్మదిగా కింద పెట్టాడు.

ఫిట్టరు భార్య అదంతా చూసింది. "మా ఆయన కట్టిన గుడ్డ మీకు గూడ సదువొస్తది గద," అని, కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది. వేలిముద్ర వేయలేదు. ఈ నెల నుంచి కిరాయి సంగతి ఎత్తవద్దని నేను ఆమెకు చెప్పాను. నోటుబుక్కులో గ్యాసు వచ్చిన రోజు పేజీ చూపించమని ఎవరు అడిగినా చూపిస్తాను, పుస్తకం మాత్రం చేతికి ఇవ్వను.

నిన్న వాన పడింది. గుడ్డ రంగు దిగి, బోరింగు పిడి మీద ఎర్రటి చారలు కారాయి. ముడి మాత్రం బిగిసింది. ఈ పొద్దున తీగ మీద చీర లేదు. గాలి ఎటుందో ఆ పీలిక కొసను చూసి రాసుకున్నాను, పడమర నుంచి. కోడలు బిందె చంకన పెట్టుకుని, బోరింగుకు తగలకుండా కాస్త పక్కకు జరిగి, రోడ్డు అవతలి బావికి వెళ్లింది.