మహబూబ్ సాబు చెప్పిన మార్కా

1986లో నేను ఆదోనిలో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని. మూత్రం ఆగిపోయి ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మహబూబ్ సాబుకు కాథెటర్, అంటే మూత్రం బయటికి తెచ్చే రబ్బరు గొట్టం, వేసి ఇంటికి పంపాం. వారానికే చలిజ్వరంతో వచ్చాడు. గొట్టం మార్చాం. మళ్లీ అదే జ్వరం, దాంతో ఆసుపత్రిలోనే ఉంచుకున్నాం.

కల్చర్ వేస్తే, అంటే మూత్రంలోని క్రిములను పెంచి చూస్తే, పచ్చరంగుతో సూడోమోనాస్ పెరిగింది. తడి ఉన్నచోటల్లా బతికే క్రిమి అది. నాలుగు ముక్కలు చదువుకున్న పొగరు కదా, "ఇంట్లో శుభ్రం లేదు సార్" అని డాక్టరుగారికి చెప్పేశాను. ఆయన ఆ మాటే సాబు భార్య హుసేన్‌బీ మొహాన అనేశారు. మూత్రం సంచి కడిగేది ఆమే. ఆ రోజు నుంచి ఆమె మొగుణ్ణి ముట్టుకోలేదు. అన్నం గిన్నె మంచం మీద పెట్టి దూరంగా నిలబడేది.

"నా సేతుల్లోనే ఇసముండాదేమోనప్పా" అంది నాతో.

సాబు ఆదోని ప్రెస్సింగు మిల్లులో దూదిని అదిమి కట్టిన బేళ్ల మీద, ఏ మిల్లుదో తెలిసేలా మార్కా వేసేవాడు. రక్తం తీయడానికి పోతే జ్వరంలోనే అడిగాడు. "బేలు సెడిపోతే మేము ముందు మార్కా సూస్తామప్పా. సూడకుండా ఫలానా మిల్లుదని అనము. నువ్వు మా ఇంట్లో ఏం సూసినావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్లింటి నుంచి చుక్క నీళ్లయినా తెచ్చి చూసినవాణ్ణి కాను.

సాబు రక్తం, తీసిన గొట్టం, వాళ్లింటి కుండనీళ్లు, చివరికి మేం గొట్టాలు నానబెట్టే ట్రేలోని మందునీళ్లు, అన్నీ కల్చర్ వేశాను. కుండలో ఆ క్రిమి లేదు. సాబు రక్తంలోనూ గొట్టంలోనూ మా ట్రేలోనూ ఉంది. "క్రిముల్ని చంపే మందులో క్రిములా?" అని డాక్టరుగారు నమ్మలేదు. అయినా ట్రే పారబోయించి, ఆవిరిలో ఉడికించిన గొట్టం వేశారు. జ్వరం తగ్గి సాబు ఇంటికి వెళ్లాడు.

రక్తంలోదీ గొట్టంలోదీ ట్రేలోదీ, మూడు క్రిములనూ బెంగుళూరులో స్నేహితుడు పనిచేసే ల్యాబుకు పంపాను. అక్కడ ప్లాస్మిడ్లు చూస్తారు. క్రిమిలో ఉండే చిన్న జన్యు ఉంగరాలవి. జెల్ అనే జిగురు పలకలో పోసి కరెంటు పెడితే గీతలుగా విడిపోతాయి. గీతలు కలిస్తే ఒకే గూటి క్రిములన్నమాట. సాబు భాషలో మార్కా.

రెండు వారాలకు ఫోటో వచ్చింది. మూడింటికీ అవే గీతలు. డాక్టరుగారు అది చూసి, "ఆమెకు నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అన్నారు. నేనే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

సాబు మంచం మీద పడుకుని ఉంటే, హుసేన్‌బీ ఇంకా అతనికి దూరంగా గడప దగ్గరే కూర్చుని ఉంది. "తప్పు మాదమ్మా, మా ట్రేది. చూడకుండా నీ మీద వేశాను" అన్నాను. ఆమె అరచేతులు తిప్పి చూసుకుని భోరున ఏడ్చింది. తర్వాత లేచి కుండలో గ్లాసు ముంచింది.

"ఈ సేత్తో ఇస్తే తాగుతావా అప్పా?"

తాగాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు రిపోర్టులు రాశాను గానీ, చూడనిది మాత్రం ఒక్కటీ రాయలేదు. ఆమె రెండో గ్లాసు ముంచుకుని, సాబు తల పైకెత్తి, తన చేత్తోనే తాగించింది.