మా మూర్తిగాడి మెక్సికో నవ్వు

నిన్న పొద్దున మూర్తి భార్య సుజాత ఫోన్ చేసి "అన్నయ్యా, ఆయన పోయారు" అంటే నేను నమ్మలేదు.

"వాడే పక్కనుండి చెప్పిస్తున్నాడు కదూ?" అన్నాను.

ఆక్లాండ్‌లో మీ అందరికీ దొంగ ఫోన్లు చేసిన వెధవని కదా నేను. నాకు అలాగే తోచింది.

నాలుగు నెలలుగా మాటే లేని మనిషి ఏం చెప్పిస్తాడు? అది తట్టలేదు.

అవతల ఏడుపు వినిపించింది.

మూర్తి మీకు మన పేట ఫ్లాట్ బుష్‌లో తెలుసు. నాకు ఇరవై ఏళ్ళ కిందటి మౌంట్ ఆల్బర్ట్ అద్దె ఫ్లాట్ నుంచి తెలుసు. ఇద్దరం ఆఫీసులు క్లీన్ చేసేవాళ్ళం. మాతో ఉండే మెక్సికో ఆయన వాళ్ళ పాత టీవీ కామెడీ డీవీడీలు పెట్టేవాడు.

మాకు స్పానిష్ ముక్క రాదు. ఒకడు కుర్చీ లాగేస్తాడు. ఇంకొకడు పడతాడు. పడ్డవాడు లేచి వేరే ఎవడినో కొడతాడు.

తెరమీద పెద్దావిడ నోరు తెరిస్తే చాలు, మూర్తి తెలుగు డబ్బింగ్ మొదలు. "ఒరే సన్నాసీ, గిన్నెలు కడగమంటే ముసుగు తంతావా?"

ఆ తిట్లన్నీ నాకే.

స్ట్రోక్ వచ్చాక వాడికి మాట పోయింది. మనం అనేదీ అర్థం కాదన్నారు డాక్టర్. నేను వినలేదు. వార్డుకెళ్ళి నా జోకులన్నీ వేశాను.

వాడు గోడవైపు తిరిగాడు.

ఈ నోరు తప్ప నా దగ్గర ఇంకేం లేదు. భయమేసి మూడు వారాలు వెళ్ళలేదు. పని ఎక్కువగా ఉందని మీతో చెప్పింది అబద్ధం.

సుజాతే పిలిచింది. "మీ మాటలేం వద్దు అన్నయ్యా. ఆ పాత మెక్సికోది ఏదైనా ఉంటే పట్టుకురండి."

ఫోన్లో వెతికి పెట్టాను. కుర్చీ లాగేశారు. మూర్తి నవ్వాడు, సగం మొహంతోనే. పక్క మంచం మీది సమోవా తాత నవ్వాడు. బీపీ చూడ్డానికొచ్చిన కేరళ నర్సు చూడ్డం మానేసి నవ్వింది.

ఎప్పుడో, ఎక్కడో, ఎవరికోసమో తీసింది. నా వల్ల కానిది దాని వల్ల అయింది.

కుళ్ళుకున్నాను. నిజం.

అందుకే మొన్న ఆదివారం, కుర్చీ పక్కకు జరిపి, చూసుకోనట్టు కూర్చున్నాను.

నేలమీద.

నర్సు తిట్టింది. మూర్తి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. మంచం మీంచి చెయ్యి చాచి నన్ను లేపబోయాడు.

నడుం ఇంకా పట్టేసే ఉంది. మా ఆవిడ బామ్ రాస్తానంటే వద్దన్నాను.

వెళ్ళిరా మూర్తీ. ఎవరి మాటా అర్థం చేసుకోనక్కర్లేని చోట హాయిగా ఉండు.