బండికి కడుపుబ్బరం

మా ఆయన కారు కొనుక్కొచ్చిన రోజు మా గల్లీల సగంమంది కిటికీలు మూసుకున్నరు. మిగిలినోళ్లు పిల్లల్ని లోపలికి పిలుసుకున్నరు. దోమల మందు బండి వచ్చిందనుకున్నరట. వెనుక నుంచి అంత పొగ. నీలం పొగ. ఆ పొగలకెల్లి మా ఆయన పెండ్లికొడుకు లెక్క నవ్వుకుంట దిగిండు.

నడిపించుకొచ్చింది ఆయన దోస్తు. మా ఆయనకు డ్రైవింగ్ రాదు. నాకొస్తది, పెండ్లికి ముందు మా అన్న నేర్పిండు.

"అమ్మకు మోకాళ్లు నొస్తున్నయి గదా. ఆదివారం చర్చికి ఆటో ఎక్కుడు దిగుడు కష్టమైతున్నది. అందుకే తెచ్చిన" అన్నడు.

మా అత్తమ్మ సర్కారు దవాఖానల నర్సు జేసి రిటైరైంది. కారు చుట్టూ ఒక రౌండు కొట్టి, బానెట్ మీద చెయ్యేసి చూసి, "ముసలి పేషెంటే" అన్నది. అన్నది గానీ, అందరికంటే ముందు పోయి ముందు సీట్ల కూసున్నది.

ఆదివారం నాచారం నుంచి ఉప్పల్ చర్చికి బయలుదేరినం, నేనే నడుపుతున్న. మొదటి మలుపు కాడ బ్రేక్ తొక్కితే పెడల్ కదల్లేదు. బండరాయి మీద కాలు పెట్టినట్టున్నది. వీపు సీటుకు ఆనించి, ఉన్న బలమంత కాలిలకు తెచ్చి తొక్కితే అప్పుడు మెల్లగ ఆగింది. అక్కడికెల్లి చర్చి దాక ఫస్ట్ గేర్, సెకండ్ గేరే. సైకిల్ మీద పోయే తాత ఒకాయన మమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి మరీ చూసిండు.

చర్చి ముందర నిలబెట్టి తాళం తిప్పిన. ఇంజన్ ఆగలే. తాళం బయటికి గుంజిన. ఆగలే. తాళం నా చేతుల, ఇంజనేమో దడదడదడ.

"చూసినవా, ఎంత హుషారున్నదో!" అన్నడు మా ఆయన.

లోపల పాట అయిపోయి ప్రార్థన మొదలైంది. పాస్టరు గారు రెండు మాటలు చెప్పి, ఆగి, మైకుల అన్నరు: "బయట ఉన్న సహోదరులు దయచేసి బండి ఆపగలరు."

మా ఆయన గేటు కాడికెల్లి గట్టిగ మొత్తుకున్నడు. "మేం ఆపినం అయ్యగారూ! అదే ఆగుతలేదు!"

లోపల ఒక్కసారిగ నవ్వులు. ఒక పెద్దమనిషి బయటికొచ్చి, "నాలుగో గేరెయ్యి బిడ్డా. బ్రేక్ గట్టిగ తొక్కి పట్టి, క్లచ్ వదులు" అన్నడు. వదిలిన. కారు ఒక్క ఎగురు ఎగిరి, గుర్రుమని, సల్లవడ్డది. సరిగ్గ అప్పుడే లోపల అందరు "ఆమేన్" అన్నరు. ప్రార్థనకన్నరో బండికన్నరో ఇప్పటికీ తెల్వదు.

మధ్యాహ్నం చర్చి కాడికే మల్లాపూర్ మెకానిక్‌ను పిలిపించినం. ఆయన మెల్లగ ఇంటిదాక నడిపించుకొచ్చి చెప్పిండు: "మూడు రోగాలున్నయమ్మా. బ్రేకుకు బలమిచ్చే డబ్బా, బూస్టర్, మార్చాలె. ఆగకపోవుడుకు ఇంకేదో చూడాలె. పొగకైతే ఇంజన్ విప్పాలె."

"ఫస్ట్ పరీక్షలు, తర్వాత ఆపరేషన్" అన్నది అత్తమ్మ. ఆయన నవ్వి, "మంచిదమ్మా, చూసుకొని ఫోన్ చెయ్యున్రి. అప్పటిదాక బయటికి తియ్యకున్రి" అని పోయిండు.

నేను నాచారంల ఒక మందుల కంపెనీల, ల్యాబ్‌ల పని చేస్త. మందు నీళ్లు వడగట్టుడుకు మా దగ్గర ఒక పంపు ఉంటది. అది కింద నుంచి గాలి గుంజుతది, వాక్యూమ్ అంటం. తెల్లారి డ్యూటీకి పోతే వడపోత నడుస్తలేదు. బొట్టు బొట్టు పడుతున్నది. పంపేమో మంచిగనే మోగుతున్నది. చూస్తే పైపు ఒకచోట పగిలి, బయటి గాలి గుంజుతున్నది. పైపు మారుస్తుంటే నా కాలికి ఆ బండరాయి పెడల్ యాదికొచ్చింది. చేతిల పైపు అట్లనే పట్టుకొని మా అన్నకు ఫోన్ కొట్టిన.

"డీజిల్ కారుల వాక్యూమ్‌తోని నడిచేటియి ఏమేమున్నయి అన్నా?"

"బ్రేకుకు బలమిచ్చేది అదే. మీది పాతది గదా, తాళం తిప్పినప్పుడు ఇంజన్‌ను ఆపేది గూడ అదే."

"మరి కారుల గూడ వాక్యూమ్ పంపుంటది గదా, అది గుంజిన గాలి ఏడికి పోతది?"

"ఇంజన్ కడుపులకే పోతది. పైపు ఏడన్న లీకై ఎక్కువ పోతే లోపల నిండి, ఆయిల్‌ను ఎగదన్నుతది. ఆ ఆయిల్ కాలితే..." అని అన్న ఆగిండు. "నీలం పొగ!" అన్నం ఇద్దరం ఒకేసారి. నా పక్కన పనిచేసే అమ్మాయి ఉలిక్కిపడి, పొగ ఏడున్నదని చుట్టూ చూసింది.

ఆ రోజు ఇంటికి ఎట్ల ఉరికొచ్చిన్నో నాకే తెల్వదు. అత్తమ్మకు అంత చెప్పిన. జాగ్రత్తగ ఇని, "కడుపుల గ్యాస్ అన్నట్టు" అని తేల్చింది. మా ఆయన టైర్ల కింద రాళ్లు పెట్టిండు. అన్న చెప్పినట్టు, ఇంజన్ బంద్ ఉన్నప్పుడే బ్రేక్ నాలుగైదు సార్లు తొక్కి, కాలు అట్లనే పెట్టి స్టార్ట్ చేసిన. వాక్యూమ్ మంచిగుంటే పెడల్ ఇంత కిందికి దిగాలె. నాది జరంత గూడ దిగలేదు.

అత్తమ్మ ఇంట్లకు పోయి స్టెతస్కోపు తెచ్చింది. చీర కొంగు బొడ్ల దోపి, స్టెతస్కోపు చివరి బిళ్ల ఊడపీకి, ఉత్త గొట్టం పట్టుకొని బానెట్ కిందికి వంగింది.

"అమ్మా, ఆ బెల్టు దిక్కు పోకు" అన్నడు మా ఆయన.

"నువ్వు జర సప్పుడు జెయ్యకు. గుండె సరిగ్గ ఇనబడాలె."

గొట్టం అటు జరిపింది, ఇటు జరిపింది. బూస్టర్ మీద పెట్టి తల అడ్డంగ ఊపింది. పంపు కాడ గూడ అంతే. నల్ల పైపు ఒకటి ఇంజన్ వెనుకకు వంగే చోట ఆగింది. కండ్లు పెద్దగ చేసుకున్నది. "దొరికింది బిడ్డా! పాము బుస కొట్టినట్టు కొడుతున్నది." పైపు అడుగున చీలిక ఉన్నదట, పైకి కనబడదు. దాని మీద బొటనవేలు అదిమింది.

నా కాలి కింద పెడల్ సర్రున దిగింది.

"పడ్డది! పడ్డది!" అని మొత్తుకున్న.

"ఎవరు పడ్డరు?" అనుకుంట ఎదురింటి అక్క నీళ్ల చెంబు పట్టుకొని ఉరికొచ్చింది. అత్తమ్మ పడ్డదనుకున్నదట. మేం ముగ్గురం చెప్పలేక నవ్వుతుంటే, పాపం, ఆ నీళ్లు ఆమెనే తాగింది.

మా ఆయనకు తొందర. అప్పటికప్పుడు మొక్కలకు నీళ్లు పెట్టే పచ్చ పైపుల ఒక ముక్క కోసి బిగించిండు. స్టార్ట్ చేసినంక మా కండ్ల ముందే ఆ పైపు అప్పడం లెక్క అతుక్కపోయింది. "నువ్వు నెలల తరబడి ఉపవాసమున్నా గింత సన్నగ కావు" అన్నది అత్తమ్మ కొడుకుతోని. తెల్లారి ఉప్పల్‌ల స్పేర్ పార్ట్స్ దుకాణం నుంచి, వాక్యూమ్‌కు వాడే మందం పైపే తెచ్చినం. మెకానిక్ వచ్చి బిగించిండు, ఆయిల్ పట్టిన గాలి గొట్టం కడిగిండు. తాళం తిప్పితే ఇంజన్ టక్కున ఆగింది. మళ్ల స్టార్ట్, మళ్ల బంద్. ఉత్తగనే, ఆ నిశ్శబ్దం ఇనుడు కోసం. మెకానిక్ గూడ, "ఒక్కసారి నేను తిప్పుతనమ్మా" అన్నడు.

"లోపల మిగిలిన ఆయిల్ కాలేదాక పొగొస్తది. హైవే మీద కొంచెం దూరం తిప్పున్రి" అన్నడాయన. అంతే, వరంగల్ రోడ్డెక్కినం. అత్తమ్మ ఈసారి వెనుక సీట్ల, వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూసున్నది. నొప్పుల సంగతే మర్చిపోయింది. "ఇంక నీలంగనే ఉన్నది... జర పల్చగైంది... ఇప్పుడు సిగరెట్ అంత... లేదు! లేదు బిడ్డా! వెనుక లారీ డ్రైవర్ మొఖం కనబడుతున్నది!" ఆమె ఆ డ్రైవర్‌కు చెయ్యి ఊపింది. ఆయన హారన్ కొట్టిండు.

నారపల్లి దగ్గర ప్లాట్లు చేసిన వెంచర్ ఒకటి కనబడితే లోపలికి తిప్పిన. అలవాటు కొద్దీ ఉన్న బలమంత పెట్టి బ్రేక్ తొక్కిన. కారు ముక్కు నేలకు తగిలినంత పనైంది. మా ఆయన ఒళ్లో ఉన్న పులిహోర డబ్బా ఎగిరి మూత ఊడింది. ఆయన మీసాలకు పల్లీలు అంటుకున్నయి. కోపం చేస్తడేమో అని చూస్తే, ఒక పల్లీ తీసి నోట్లేసుకొని, "బ్రేక్ మస్తున్నది" అన్నడు.

అక్కడ తెల్ల గీతలు గీసిన రోడ్లున్నయి గానీ ఇండ్లు లేవు, మనుషులు లేరు. అత్తమ్మ కిందికి దిగి, నా దిక్కొచ్చి, తలుపు తెరిచింది.

"జరుగు" అన్నది.

"అమ్మా!" అన్నడు మా ఆయన.

"ఇన్నేండ్లు ఎంతమంది ప్రాణాలు చేతుల పట్టుకోలేదురా? ఇదొక లెక్కనా?"

మా ఆయన కిందికి దిగిండు. నేను ఆయన సీట్లకు జరిగి, హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యేసి, క్లచ్ ఎట్ల వదలాలెనో చెప్పిన. మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి కదిలింది. అత్తమ్మ స్టీరింగ్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించి పట్టుకున్నది. మా ఆయన చెప్పులు చేతుల పట్టుకొని కారు పక్కన ఉరుకుతున్నడు. వాచ్‌మన్ ఎక్కడికెల్లొచ్చిండో, ఆయన గూడ ఉరుక్కుంట, "ప్లాటు చూస్తరా అమ్మా? తూర్పు మొఖం, కార్నర్ బిట్టు!" అంటున్నడు.

"ఉండు బిడ్డా, ఈ రౌండ్ కానీ" అన్నది అత్తమ్మ, రోడ్డు మీదికెల్లి కండ్లు తీయకుండనే.