బండి కుడి

ఆ షెడ్డుకి బోర్డు లేదు. రోడ్డు చివర పాత టైర్ల గుట్ట దాటితే రేకుల కప్పు, దాని కింద ఎప్పుడూ ఏదో ఒక బండి. ఆ బండి బంపరు కింద నుంచి రెండు కాళ్ళు బయటకి కనిపిస్తాయి. కాళ్ళ బొటనవేళ్ళకి తాళ్ళు కట్టి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాను. తాళ్ళు బానెట్ మీదుగా పాకి, మడిచి పడుకోబెట్టిన ముందద్దం దాటి, స్టీరింగు చక్రానికి చుట్టుకున్నాయి. కుడికాలు లాగితే చక్రం కుడికి కదులుతుంది, ఎడమకాలు లాగితే ఎడమకి. సీట్లో మాత్రం ఎవరూ లేరు. పట్టపగలు దయ్యం బండి నేర్చుకుంటున్నట్టుంది.

స్టీరింగు రిపేరు ఇద్దరు మనుషుల పని. ఒకరు సీట్లో కూర్చుని చక్రాన్ని అటూ ఇటూ ఊపాలి. ఇంకొకరు కింద పడుకుని ఒక్కో కీలు మీద చెయ్యి వేసి, ఏది అరిగిందో వేళ్ళతో కనిపెట్టాలి. చక్రం తిప్పినా బండి తిరగకుండా మధ్యలో దండగైపోయే కదలిక ఉంటుందే, దాన్ని గారేజీల్లో ఆట అంటారు. ఆట ఎక్కడుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆ ఇద్దరి పనిని ఈయన పదకొండేళ్ళుగా ఒక్కడే చేస్తున్నాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని మూడున్నర అంటారు. కుడిచేతికి ఒక వేలు మొత్తం లేదు, ఇంకోటి సగమే ఉంది. ఎదురుగా మాత్రం మేస్త్రీ అంటారు.

నాది మూడు చేతులు మారిన జీపు. కొండ మీది సెల్ టవరుకి బ్యాటరీలు, డీజిలు చేరవేస్తాను. దారంతా రాళ్ళే, ఒక పక్క లోయ. ఆ మధ్య స్టీరింగు పావుచుట్టు తిప్పితే గానీ చక్రాలకి కబురు అందడం లేదు. ఒక రాయి తగిలి, రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్ విల్లులా వంగింది. బండిని షెడ్డు దాకా తెచ్చేసరికి ఇంజను కూడా అలిగింది. ఇద్దరు ముగ్గురం కలిసి తోసి, ముక్కు గోడకి ఆనేలా లోపల పెట్టాం.

మేస్త్రీ దాన్ని చూసి బీడీ పారేశాడు.

"తిప్పి పెట్టండి."

"లోపలికి వచ్చింది కదా, ఇంకెందుకు తిప్పడం?"

"దాని మొహం వీధి వైపు ఉండాలి. లేకపోతే నేను ముట్టను."

చచ్చీ చెడీ మళ్ళీ బయటకి తోసి, తిప్పి, వెనక్కి లోపలికి తోశాం. పక్కన టీ కొట్టు అక్క నవ్వింది. "ఆయనకి శకునాల పిచ్చిలే తమ్ముడూ. గోడ వైపు తిరిగిన బండి కింద దూరడు."

నా దగ్గర పెద్ద చిట్టా ఉంది. పవర్ స్టీరింగు, కొత్త స్టీరింగు బాక్సు, ఫోనులో చూసిన సామానంతా రాసుకొచ్చాను. మేస్త్రీ చేత్తో దూరంగా పట్టుకుని చదివాడు.

"ఏం చదివావు?"

"ఇంజనీరింగు. మూడో ఏడాదిలో మానేశాను."

"అయితే సగం ఇంజనీరువి. నేను మూడున్నర. ఇద్దరం కలిస్తే నాలుగు." చిట్టా మడిచి నా జేబులోనే పెట్టాడు. "ఇంకా ఒకటి తక్కువే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"జేబులో ఎంతుందని అడగను, నీ చెప్పులు చూస్తే తెలుస్తోంది. జ్వరం వచ్చినవాడికి కొత్త చొక్కా తొడిగితే లేచి పరిగెడతాడా? ముందు ఆట ఎక్కడుందో చూడనీ."

కాళ్ళకి తాళ్ళు కట్టుకుని కిందకి దూరాడు. నేను కూర్చుని ఊపుతానంటే విననట్టే ఊరుకున్నాడు. గంటసేపు ఒక్క మాట లేదు. కాలు కదలడం, చక్రం ఊగడం, కింద ఎక్కడో టక్కుమనడం, అంతే. రేడియో లేదు. గోడకి రెండు కొక్కేలున్నాయి. ఒకదానికి ఆయన చొక్కా, రెండోది ఖాళీ. బల్ల మీద రెండు పానాల పెట్టెలు. ఒకటి నల్లగా నూనె పట్టి మెరుస్తోంది. రెండోదాని మీద తుడిచిన గుర్తులున్నాయి, వాడిన గుర్తులు లేవు.

"అది మేస్త్రీ తమ్ముడిది," అంది టీ అక్క, గ్లాసు అందిస్తూ. "ఈయన కింద, ఆయన పైన. రోజంతా కుడి, ఎడమ, కుడి, ఎడమ అని వినబడుతూ ఉండేది. ఆ వేళ్ళు పోయిన రోజు సీట్లో ఉన్నది ఆయనే. తర్వాత పెద్ద గొడవ. పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఇదే ఊళ్ళో ఉన్నా ఇటు తొంగి చూడడు. ఈయనేమో ఆ సీట్లో ఇంకెవర్నీ కూర్చోనివ్వడు."

పని నాలుగు రోజులు పట్టింది. కొత్త సామాను దాదాపు ఏమీ కొనలేదు. వంగిన రాడ్‌కి ఇంకో గొట్టం వెల్డింగు చేయించేద్దామని నేనంటే, "స్టీరింగులో వెల్డింగు పెట్టినవాడు కొండ మీదకి తనే ముందు వెళ్ళాలి," అన్నాడు. తుక్కు దుకాణంలో ఒక వ్యాను టై రాడ్ దొరికింది. నాదానికంటే రెట్టింపు మందం. దాన్ని కొలతకి కోయించి, లేత్ మిషను దగ్గర రెండు చివర్లా మరలు వేయించాడు. స్టీరింగు బాక్సు విప్పి, కడ్డీ చుట్టూ తొడిగే బుష్ అరిగిపోతే తీసి, ఇత్తడితో కొత్తది చేయించాడు. సందు మిగిలిన చోట డబ్బా రేకు కత్తిరించి ఉంగరంలా వేశాడు. అదే వ్యాను నుంచి ఒక చిన్న షాక్ అబ్జార్బర్ ఊడదీసి, టై రాడ్‌కి అడ్డంగా బిగించాడు. ఇక రాయి తగిలినప్పుడు స్టీరింగు చేతుల్ని ఎగరగొట్టదు. డీజిలు గొట్టంలో చెత్త తీస్తే ఇంజను కూడా అలక మానింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆఖరి పరీక్ష మిగిలింది. రాడ్ లావైంది కాబట్టి స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివర దాకా పూర్తిగా తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూడాలి. చక్రాలు నేల మీద ఉండగా ఆ బరువు కాలి తాళ్ళతో కదలదు. ఆయన కిందకి దూరగానే నేను చడీచప్పుడు కాకుండా సీట్లో ఎక్కి కూర్చున్నాను.

"చెప్పండి మేస్త్రీ, ఎటు తిప్పను?"

కాళ్ళు జరిగాయి, నడుము వచ్చింది, ఆఖరికి మొహం బయటకి వచ్చింది. పాలిపోయి ఉంది.

"దిగు."

"రెండు నిమిషాల పని..."

"దిగమన్నానా!"

దిగాను. నాకూ ఒళ్ళు మండింది. "మీ తమ్ముడు పొరపాటున అటు తిప్పితే, లోకంలో అందరూ అటే తిప్పుతారా?"

ఆయన బంపరుకి ఆనుకుని నేల మీదే కూర్చున్నాడు. చాలాసేపు ఆ మూడున్నర వేళ్ళకున్న గ్రీజు తుడుచుకున్నాడు.

"వాడు సరిగ్గానే తిప్పాడు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. చూపించాడు. ఎప్పుడూ బండి ముందు నుంచి దూరతాడు. తల లోపల, కాళ్ళు బయట. వెల్లకిలా అలా పడుకుంటే ఆయన కుడీ, డ్రైవరు కుడీ ఒకే వైపు. అందుకే అన్నదమ్ములకి ఒక్క మాట చాలేది. ఆ రోజు వచ్చిన బండి ముక్కు గోడకి ఆని ఉంది. తిప్పే ఓపిక లేక వెనక నుంచి పాక్కుంటూ దూరాడు. తల ముందుకి వచ్చింది, కాళ్ళు వెనక్కి వెళ్ళాయి. ఆయన కుడి కాస్తా బండికి ఎడమైంది. చక్రం ఇంకా తిరగకుండా ఆపే మొలకీ ఇరుసుకీ మధ్య వేళ్ళు పెట్టి, కుడి అని అరిచాడు. తమ్ముడు కుడికే తిప్పాడు. విచ్చుకోవాల్సిన సందు మూసుకుపోయింది.

"ఆ బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కట్టు కట్టించుకొచ్చాక, ఇదిగో ఇక్కడే, పది మంది ముందు అన్నాను వాణ్ణి. కుడి ఏదో ఎడమ ఏదో తెలియనివాడివి స్టీరింగు ఎందుకు పట్టుకున్నావురా అని. వాడు ఒక్క మాట తిరిగి అనలేదు. చేతిలో పానా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు."

"మరి మీకు ఎప్పుడు తెలిసింది?"

"కట్టు విప్పిన రోజు. మళ్ళీ ఒక బండి కింద అలాగే వెనక నుంచి పడుకుని చూసుకున్నా. అప్పటికి వాడు వెళ్ళి ఇరవై రోజులు."

"చెప్పారా?"

"ఏమని?"

"తప్పు నాది అని. ఇంకేమని చెబుతారు?"

"నీకేం, నోటికొచ్చింది అనేస్తావు." లేచి జాకీ తెచ్చాడు. ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి, మళ్ళీ కాళ్ళకి తాళ్ళు కట్టుకున్నాడు. గాల్లో ఉన్న చక్రాలు తాళ్ళకి లొంగాయి. ఒక్కడే చూసుకున్నాడు. రాడ్ ఎక్కడా రాసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రయల్‌కి బయల్దేరాం. నేను నడుపుతుంటే ఆయన పక్కన కూర్చున్నాడు. జీపు చెప్పినట్టు వింటోంది. వేలు కదిపితే చక్రం కదులుతోంది. నాకు గట్టిగా అరవాలనిపించింది. కొండ దారి కూడలికి రాగానే ఆయన, "ఇటు వద్దు, అటు పోనీ. అటు గతుకులెక్కువ, టెస్టుకి మంచిది," అన్నాడు.

అటు వెళితే నున్నటి సిమెంటు రోడ్డు, రెండు పక్కలా ఇళ్ళు. గతుకు కాదు కదా, గులకరాయి కూడా లేదు. ఏ మలుపు దగ్గర నెమ్మదించాలో ఆయనకి ముందే తెలుసు. నీలం గేటున్న ఇంటికి కాస్త ఇవతల, "ఇక్కడ కాసేపు ఆపు. ఇంజను శబ్దం విందాం," అన్నాడు. నేను ఇంజను ఆపేశాను.

"ఎన్నిసార్లు వచ్చారు ఇక్కడికి?"

"ప్రతి ట్రయల్‌కీ."

"దిగండి."

"వాడు పనిలోకి వెళ్ళిపోయి ఉంటాడు. పెద్ద టైర్ల షాపులో కంప్యూటర్ మీద చక్రాలు సరిచేస్తాడట. అక్కడ ఎవరూ కుడి, ఎడమ అని అరవక్కర్లేదు. తెర మీద బాణం కనిపిస్తుందట." ఒళ్ళో చేతులు కదపలేదు. "పద, పోదాం."

నేను హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కేశాను. ఆయన నా చెయ్యి లాగేలోపే గేటు తెరుచుకుంది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ఒకావిడ వచ్చింది. జీపులో ఉన్నదెవరో చూసి కొంగు భుజం మీదకి లాక్కుంది.

"బావగారా! లోపలికి రండి. ఆయన ఇప్పుడే వెళ్ళారు."

"వద్దమ్మా. టెస్టుకి వచ్చాం. అంతే." జీపు దిగాడు గానీ గేటు దాటలేదు. "పిల్లలు బాగున్నారా?"

"పెద్దది ఉద్యోగంలో చేరింది."

"ఉద్యోగమా!" అన్నాడు. ఆ అమ్మాయిని ఆఖరిసారి ఎంతున్నప్పుడు చూశాడో, చెయ్యి తెలియకుండానే నడుము ఎత్తుకి లేచి మళ్ళీ కిందకి దిగింది. వచ్చి జీపెక్కబోయాడు. నేను కీ తిప్పలేదు. ఆయన నా వైపు చూశాడు, నేను ముందుకి చూశాను. మళ్ళీ వెనక్కి నడిచాడు.

"అమ్మా, వాడికి ఒక మాట చెప్పు. ఆ రోజు కుడి అని తప్పు చెప్పింది నేను. నేనే వెనక నుంచి పడుకున్నాను."

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. "కుడి అని... వెనక నుంచి..." అని బజారు సరుకులు గుర్తుపెట్టుకున్నట్టు ఇంకోసారి అనుకుంది. "చెబుతాను బావగారూ."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఒక్కటే అన్నాడు. "స్టీరింగు బాగానే కుదిరింది."

వారం రోజులు నేను కొండ ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. షెడ్డు మీదుగా పోయినప్పుడల్లా రెండు కాళ్ళూ, రెండు తాళ్ళూ కనిపించేవి. బల్ల మీది రెండో పెట్టెకి మూత తీసి ఉంది. కొక్కేనికున్న చొక్కాని ఆయన షెడ్డు తలుపు మీదకి మార్చాడు. ఇప్పుడు రెండు కొక్కేలూ ఖాళీ, వచ్చేవాడికి ఏది కావాలంటే అది.

ఎనిమిదో రోజు నేనే ఆ సిమెంటు రోడ్డు వైపు తిప్పాను. ఆవిడ గేటు దగ్గరే ఉంది, నా జీపుని గుర్తుపట్టి చెయ్యెత్తింది.

"చెప్పాను బాబూ. అన్నం తింటున్నారు, వింటూ తిన్నారు. చెయ్యి కడుక్కున్నాక అన్నారు, నాకు ఆ రోజే తెలుసని చెప్పు అని."

"ఇంకా?"

"ఇంకేం అనలేదు."

షెడ్డుకి వెళ్ళి చెప్పాను, ఒక్క అక్షరం కలపకుండా. మేస్త్రీ ఆకురాయితో ఏదో అరగదీస్తున్నాడు, అరగదీస్తూనే ఉన్నాడు.

"ఆ రోజే తెలుసా వాడికి?"

"అన్నారట."

"తెలిసీ మాట పడ్డాడు." ఆకురాయి ఆగింది. "నేనెప్పుడు చెబుతానా అని చూశాడన్నమాట." కాసేపటికి, "వస్తానన్నాడా?"

"అనలేదు."

"రాననీ అనలేదుగా?"

"అదీ అనలేదు."

తలూపాడు. ఇక నాతో పని లేనట్టు తాళ్ళు అందుకున్నాడు. నేను టైర్ల గుట్ట దాకా వచ్చి, జీపులో కూర్చుని, కీ తిప్పబోయి ఆగాను. షెడ్డులోంచి గొంతు వినిపిస్తోంది. నాలుగు రోజులు ఆ కప్పు కింద ఉన్నాను. బండి కింద పని చేస్తూ ఆయన మాట్లాడగా ఒక్కసారీ వినలేదు.

"బండి కుడి," అన్నాడు.

ఒక మనిషి విని చక్రం తిప్పడానికి ఎంత పడుతుందో అంతసేపూ ఆగాడు. అప్పుడు కాలు లాగాడు. ఖాళీ సీటు ముందు స్టీరింగు కుడికి తిరిగింది.

"బండి ఎడమ."