అత్త ఒక్క రింగు

మా మేనత్త పోయిందన్న కబురు ఆమె ఫోన్ నుంచే వచ్చింది. తెర మీద 'అత్త' అని పడింది. నేను ఎత్తలేదు. ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తుంది, నేను తిరిగి చేస్తాను. ఇన్నేళ్లుగా మా మధ్య నడిచింది అదే. ఈసారి రింగు ఆగలేదు. ఎత్తితే మరదలి గొంతు.

"బావా, అమ్మ పోయింది. నిన్న ఇంట్ల పడిపోయింది. ఇయ్యాల పొద్దుగాల దవాఖానల పానం పోయింది."

ముందు విషయం, తర్వాత వివరం. ఆ పద్ధతి తల్లిదే. మక్తల్‌లో ఇంటర్ చదివిన రెండేళ్లు నేను అత్త ఇంట్లోనే తిన్నాను. అప్పటికే భర్త లేడు, కూలి చేసి కూతురిని పెంచుతోంది. నాకు అన్నం పెట్టింది కాబట్టి మెత్తనిది అనుకోకండి. పళ్లెం కడగకుండా లేస్తే, "ఈడ నీకు పెండ్లాం లేదు, కడుగు" అనేది. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ నాలుక ఇంకా పదునెక్కింది. నేను ఫోన్ చేసి బాగున్నావా అని మొదలుపెడితే, "సచ్చిందెవరో చెప్పు ముందు. బాగోగులు బస్సెక్కి వచ్చి అడుగు" అనేది. వార్తను ఎక్కడ మొదలుపెట్టాలో నాకు పేపర్ డెస్క్ కంటే ముందు ఆమె నేర్పింది. ఇప్పటికీ కొత్తగా చేరిన విలేకరులకు అదే చెబుతున్నాను.

అత్త ఊరు దాటితే కర్ణాటక. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఇంటి వెనక నిలబడితే ఫోన్‌కు అవతలి రాష్ట్రం టవర్ దొరికేది. రోమింగ్ పడి బ్యాలెన్స్ కరిగిపోయేది. అత్తకు చదువు రాదు. కానీ మెసేజ్ వచ్చిన చప్పుడు వినగానే, "పెట్టెయ్, కర్ణాటక పట్టుకుంది" అని మాట మధ్యలో కట్ చేసేది. అందుకే వాడలోని ఆడవాళ్లంతా ఇళ్ల ముందు గోడకు ఆనుకొని, తూర్పుకు తిరిగి మాట్లాడేవాళ్లు.

ఆమె కొన్నది లైఫ్‌టైం కార్డు. బతికున్నన్నాళ్లు ఇన్‌కమింగ్ వస్తుందని అమ్మారు. కొన్నేళ్లకు నిబంధన మారింది. నెలనెలా రీచార్జి చేయించకపోతే బయటికి కాల్ పోదు, కొద్ది రోజులకు లోపలికీ రాదు. అత్త రీచార్జి షాపుకు పోయి గొడవ పెట్టుకుంది. "లైఫ్‌టైం అన్నరు గద. నేను సచ్చిన్నా మరి?" అని అడిగిందట. షాపతను నవ్వాడట. ఆ సంగతి నేను మా పేపర్‌లో రాశాను. జిల్లా పేజీలో చిన్నగా వచ్చింది. చదివి వినిపిస్తే, ధర తగ్గిందా అని అడిగింది. లేదన్నాను. "మరెందుకు రాసినవ్?" అంది.

రీచార్జి ఖర్చుకు ఉపాయం వాడలోనే దొరికింది. గడువు తీరాక వెంటనే వేయించకుండా కొన్ని రోజులు ఖాళీగా వదిలేయడం. ఆ ఖాళీలన్నీ కలిస్తే ఏడాదికి ఒకటో రెండో రీచార్జీలు మిగులుతాయని అందరి లెక్క. నాలుగు ఇళ్లవాళ్లు వంతులు వేసుకున్నారు. ఎవరో ఒకరి ఫోన్ బతికుంటే చాలు. కూతురు వేయిస్తానంటే, "నీ పిల్లల ఫీజు కట్టుకోపో, నేను కూలికి పోతలేనా?" అని అత్త కయ్యానికి దిగేది. ఒకసారి చెప్పకుండా నేనే వేయించాను. నా రీచార్జితోనే నాకు ఫోన్ చేసి తనివితీరా తిట్టింది.

మరదలు జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తుంది. గేటు దగ్గర ఫోన్ అప్పజెప్పి లోపలికి పోవాలి. అంతకుముందే తల్లి నుంచి ఒక్క రింగు రావాలి. నాకైతే ఆ రింగుకు 'నువ్వు చెయ్' అని అర్థం. కూతురికి 'లేచిన, మంచిగున్న' అని. అత్త పడిపోయిన రోజు పొద్దున రింగు రాలేదు. రీచార్జి అయిపోయిందనుకొని ఫోన్ ఇచ్చేసి మరదలు షిఫ్టుకు పోయింది. ఆమెను తప్పుపట్టలేను. గడువు తీరినప్పుడల్లా అలాంటి పొద్దు వచ్చేది. ప్రతిసారీ కారణం రీచార్జే.

ఆ రోజు కళ్లు తిరుగుతున్నాయని అత్త పత్తి ఏరడానికి పోలేదు. మిగతా ఆడవాళ్లంతా ఆటోలో పోయారు. వంతు ప్రకారం బతికున్న ఫోన్ వాళ్లతోనే చేనుకు పోయింది. సాయంత్రం తిరిగొచ్చి చూస్తే అత్త గడప దగ్గర పడి ఉంది. మాట పడిపోయింది, కుడి పక్క కదలడం లేదు. ఎడమ చేతిలో గడువు తీరిన ఫోన్ ఉంది. చార్జింగ్ నిండుగా ఉంది. టవర్ కూడా మన వైపుదే.

పొద్దున్నే తెస్తే బతికేదా అని తర్వాత డాక్టర్‌ను అడిగాను. చెప్పలేనన్నాడు. నేనూ చెప్పలేను.

నేను పోయేసరికి ఫ్రీజర్ పెట్టె వాకిట్లో ఉంది. చుట్టాల నంబర్లన్నీ అత్త ఫోన్‌లోనే ఉన్నాయి కాబట్టి, మరదలి భర్త పొద్దున్నే దానికి నెల రోజుల రీచార్జి వేయించాడు. చెప్పాల్సినవాళ్లకు చెప్పడం అయిపోయాక ఫోన్ మంచం మీద పడి ఉంది. పక్కింటామె దగ్గరికొచ్చి, పూణెలో ఉన్న తన కొడుక్కు ఈ సంగతి తెలియదని, జర ఫోన్ ఇస్తే చెబుతానని అడిగింది. మరదలు ఇచ్చింది.

"మీ పెద్దమ్మ సచ్చిపోయింది కొడుకా" అని ఆమె ఒక్క మాటలో ముగించింది. ఆ వెంటనే, "తిన్నవా? గా దగ్గు తక్కువయిందా? మేస్త్రి పైసలిచ్చిండా?" అంది. మాట ఆగలేదు. ఇంకొకామె వచ్చి పక్కన నిలబడింది. ఆమె వెనక మరొకామె. అందరి పిల్లలూ పూణెలోనో ముంబయిలోనో ఉన్నవాళ్లే, అందరూ చావు కబురు చెప్పడానికే వచ్చామన్నారు. ఒకామె ఏదో విని నవ్వి, పెట్టె వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చాలించమని చెప్పనా అన్నట్టు మరదలి వైపు చూశాను. ఆమె తల్లి కాళ్ల దగ్గర నుంచి లేవలేదు.

"మాట్లాడుకోనీ బావా. అన్‌లిమిటెడ్ గద" అంది.

శవాన్ని ఎత్తే దాకా వాకిట్లో ఆ వరుస తగ్గలేదు. అన్ని చెవులు మారేసరికి చిన్న ఫోన్ వేడెక్కిపోయింది. ఒక్కొక్కరూ మాట అయిపోగానే దాన్ని కొంగుతో తుడిచి, వెనకామె చేతిలో పెడుతున్నారు.